అతిథులు లేవరు, గడ్డి ఆగదు

ఆ ఏడు సరిగ్గా గడ్డి కోతల వేళకి కొరియా నుంచి ఒక చర్చి వాళ్ళు మా ఊరికి సేవ చెయ్యడానికి వచ్చారు. చెడ్డవాళ్ళయితే నాలుగు తిట్టి తరిమేసేవాళ్ళం. వచ్చినవాళ్ళు మంచివాళ్ళు. అదే మా కొంప ముంచింది.

అందరికీ ఒకే రకం పసుపు చొక్కాలు, వీపు మీద శిలువ బొమ్మ. వాళ్ళ పెద్ద పాస్టర్ హ్వాంగ్ గారికి అరవై దాటాయి. మిగతా ఎనిమిదిమందీ కాలేజీ వయసు పిల్లలు. దుబాసీగా మా రాజధాని బిష్కెక్ నుంచి రీతా అనే అమ్మాయిని వెంటపెట్టుకొచ్చారు. ఆ పిల్లదీ కొరియా జాతే గాని తాతల కాలం నుంచి ఇక్కడివాళ్ళే, మా భాష మాలాగే మాట్లాడుతుంది. మా బడికి మరుగుదొడ్లు, చేతులు కడుక్కునే పంపులు కట్టిపెడతామని వాళ్ళు ముందే కబురు పెట్టారు. సిమెంటూ ఇటుకా వాళ్ళ డబ్బుతోనే దిగాయి. ఇక వాళ్ళకి బస ఎక్కడ అని ఊరిపెద్ద సభలో అడిగాడో లేదో మా అత్తయ్య చెయ్యెత్తింది.

"మా ఇంట్లో" అంది.

మా అత్తయ్య అసిల్కాన్ ఎత్తిన చెయ్యి దించగలవాళ్ళు మా లోయలో లేరు. మామగారు పోయిన దగ్గర్నుంచి ఇంటి పరువంతా తన ఒక్కదాని నెత్తిమీదే ఉందని ఆవిడ నమ్మకం. మా గుమ్మంలోంచి ఎవరూ ఖాళీ కడుపుతో వెళ్ళలేదని రోజుకోసారైనా అంటుంది. నిజమే, ఎవరూ వెళ్ళలేదు. వండి పెట్టిందాన్ని నేను, నాకు తెలుసు.

మాకున్నదల్లా ఒక ఎర్రావు, మామగారి బూడిదరంగు గుర్రం, ఓ చిన్న గొర్రెల మంద. కిందటి చలికాలం గడ్డి చాలక, మార్చిలో పాక కప్పు పీకి ఆవుకి పెట్టాం. దూడ దక్కలేదు. ఈ ఏడు కూడా చాలకపోతే ఆవూ గుర్రం రెంటిలో ఒకదాన్ని అమ్ముకోవాల్సిందేనని మా ఆయన మెదెర్ వసంతంలోనే తేల్చి చెప్పాడు.

"గుర్రం జోలికొచ్చారంటే ఊరుకోను. అది మీ నాన్న ఎక్కిన గుర్రం. నన్ను మట్టిలో పెట్టాక ఏమైనా చేసుకోండి" అంది అత్తయ్య.

అంటే పోయేది ఆవే. ఆవు పోతే నా ఇద్దరు పిల్లలకి చలికాలమంతా నల్ల టీ, ఎండు రొట్టె. అందుకని ఆ వేసవి నాకు ఒకటే ధ్యాస. కొండవాలులో మా వంతు గడ్డి కోసి, ఎండబెట్టి, వానలు దిగకముందే ఇంటికి చేర్చాలి. జూలై పోయేలోపు మా దగ్గర వానలు మొదలవుతాయి. నేలమీద తడిసిన గడ్డి పెంటకి తప్ప ఎందుకూ పనికిరాదు.

వాళ్ళు దిగిన రోజే గొర్రెని కోశాం. ఉడికించిన తలని పళ్ళెంలో పెట్టి పెద్ద అతిథికి ఇవ్వడం మా మర్యాద. ఆయన ఒక చెవి కోసి పిల్లలకిస్తాడు, ఓ ముక్క తాను నోట్లో వేసుకుంటాడు, పళ్ళెం పక్కవాళ్ళకి అందిస్తాడు. పాలు తాగే పిల్లలకి కూడా తెలిసిన సంగతి ఇది. హ్వాంగ్ గారికి తెలియదు. వాళ్ళ దేశంలో పెద్దవాళ్ళు తమ చేత్తో ఇచ్చింది వదిలిపెట్టకూడదట, ఇంకొకరికి తొయ్యకూడదట. ఆయన రెండు చేతులతో పళ్ళెం అందుకుని, నడుం వంచి దణ్ణం పెట్టి, ఒక్కడే తినడం మొదలుపెట్టాడు. చెవులయ్యాయి, బుగ్గలయ్యాయి, నాలుక అయింది. ఆయన మొహం నిండా చెమటలు. చెవి కోసం ఎదురుచూస్తున్న నా చిన్నది ఆ చెవి వెళ్ళిన దారిని చూస్తూ ఉండిపోయింది.

అత్తయ్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నా చెవి దగ్గరకొచ్చి, "పాపం, ఎన్నాళ్ళయిందో తిండి మొహం చూసి! రేపు ఇంకోటి కొయ్యమను" అంది.

టీ దగ్గర ఇంకో గోల. గిన్నెలో సగమే పోసి ఇస్తాం, తాగి ఇస్తే మళ్ళీ పోస్తాం. చాలనుకున్నవాళ్ళు గిన్నె మీద అరచెయ్యి పెడతారు. ఈ పిల్లలు అత్తయ్య మీది గౌరవంతో చుక్క మిగల్చకుండా తాగి, ఖాళీ గిన్నెని రెండు చేతులతో నాకు తిరిగిచ్చేవాళ్ళు. నేను పోసేదాన్ని. వాళ్ళు తాగేవాళ్ళు. టీనీళ్ళు కాచే సమోవార్ ఒక పూటలో ఇన్నిసార్లు మరగడం మా పెళ్ళిలో కూడా నేను చూడలేదు.

రీతా వంటింట్లోకి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, ఇంక పొయ్యకే. ఇద్దరు బయట కక్కుకుంటున్నారు."

"గిన్నె మీద చెయ్యి పెట్టమని చెప్పు వాళ్ళకి. ఖాళీ గిన్నె చేతికిస్తే పొయ్యక ఏం చెయ్యను?"

"పెద్దావిడ ఇచ్చింది వద్దనకూడదని పాస్టర్ గారు ముందే చెప్పి తీసుకొచ్చారంట."

"ఖాళీ గిన్నెలో పొయ్యకపోతే మా అత్తయ్య నా తోలు వలుస్తుంది."

"మరెలా?"

"వాళ్ళు తాగి చస్తారు, నేను పోసి చస్తాను. దేవుడు అందరికీ ఒకడేగా, చూసుకుంటాడులే."

వీటన్నిటినీ మించిన చిక్కు లేవడం దగ్గర వచ్చింది. మా భోజనం దీవెనతో ముగుస్తుంది. ఉన్నవాళ్ళలో పెద్ద అతిథి రెండు అరచేతులూ పైకెత్తి ఇంటివాళ్ళకి మేలు కోరి నాలుగు మాటలంటాడు, చివర "ఓమిన్" అంటాడు. అందరూ అరచేతులు ముఖానికి రాసుకుని లేస్తారు. ఆ దీవెన పడకుండా ఎవరూ లేవకూడదు, పడ్డాక ఎవరూ కూర్చోకూడదు. హ్వాంగ్ గారి ప్రార్థన భోజనానికి ముందు. కళ్ళు మూసుకుని చాలాసేపు చేస్తాడు. తిన్నాక ఆయనకి ఇంకేమీ లేదు, ఇంటి పెద్దావిడ లేస్తే తానూ లేద్దామని చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు. అత్తయ్యేమో అతిథి దీవించాలి కదా అని కూర్చుంటుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని చిరునవ్వులు నవ్వుకుంటారు. మధ్యాహ్నం భోజనాలకి పరిచిన దస్తర్‌ఖాన్ గుడ్డ, పాలకి వేళయి ఆవు అరిస్తే తప్ప ఎత్తే యోగం లేదు.

"నువ్వయినా చెప్పవే ఆయనకి, దీవించి లేవమని" అన్నాను రీతాతో.

"నేనా? పాస్టర్ గారితో 'ఇంక లేవండి' అనా? మా అమ్మకి తెలిస్తే చంపుతుంది. పైగా మీ అత్తగారు నన్ను నిన్ననే పిలిచి, అతిథులకి మన పద్ధతులు నేర్పి ఇబ్బంది పెట్టావంటే ఊరుకోనంది."

రెండు వైపులా మర్యాదే. మధ్యలో గడ్డి ముదిరిపోతోంది.

పని మొదలుపెట్టిన రోజు వాళ్ళ మొహాలు వెలిగిపోయాయి. పొద్దున్నే పారలు భుజాన వేసుకుని, పాట పాడుకుంటూ బడికి వెళ్ళారు. వాళ్ళు మరుగుదొడ్డి గొయ్యి తవ్వుతుంటే అటుగా వెళ్ళిన మా అత్తయ్య చూసింది. ఆవిడ అక్కడే ఒక కేక పెట్టింది, వీధి చివర బైషెన్ దొడ్లో కుక్క కూడా మొరిగింది.

"సిగ్గులేదట్రా మీకు? దేవుడు పంపిన అతిథుల చేత మన పిల్లల దొడ్లకి గోతులు తవ్విస్తారా? వీళ్ళ ఊళ్ళో మన గురించి ఏమని చెప్పుకుంటారు?"

పొడుగు కొడవళ్ళు నూరుకుని కొండకి బయల్దేరిన మగవాళ్ళు ఆ కేకకి ఆగిపోయారు. ముందు బైషెన్ వెళ్ళి ఒక కుర్రాడి చేతిలోంచి పార లాక్కున్నాడు. తర్వాత అందరూ లాక్కున్నారు. మా ఆయన కూడా లాక్కున్నాడు. హ్వాంగ్ గారు తన పార వదల్లేదు, ఆయనా మెదెరూ చెరో వైపూ పట్టుకుని నవ్వుతూ గుంజుకున్నారట. చివరికి కొరియావాళ్ళని పోప్లార్ చెట్ల నీడలో కూర్చోబెట్టి మళ్ళీ టీ పోశారు. గొయ్యి మావాళ్ళు తవ్వారు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. పైగా కొత్తగా దిగినవాళ్ళని ఇంటింటికీ పిలిచి పెట్టాలన్న ఆచారం ఒకటుందిగా, ఒక్కో పూట ఒక్కో ఇల్లు. వీధి వీధంతా వంతులేసుకుని గొర్రెలు కోసింది. మతం మార్చడానికి వచ్చారేమోనని ఎవరో గొణిగితే మా మసీదు పెద్ద, "వాళ్ళు మతం మాటెత్తితే అప్పుడు చూద్దాం. వచ్చినప్పట్నించీ ముద్ద తప్ప ఏమీ ఎత్తలేదు పాపం" అన్నాడు.

పని దొరక్క ఆ పిల్లలకి పిచ్చెక్కినట్టయింది. ఒకడు మా వీధిలో దొరికిన ప్రతి పిల్లాడికీ జుట్టు కత్తిరించాడు. ఇద్దరు అమ్మాయిలు నా వంటింట్లోకి దూరి మసిగిన్నెలు తోమబోతే అత్తయ్య గుండె పట్టుకుంది.

మెదెర్ వేకువనే, ఎవరూ లేవకముందే దొంగలా కొండెక్కి కోసినంత కోసి, టీ వేళకి దిగొచ్చేవాడు. సొంత గడ్డి దొంగతనంగా కోసుకునే గతి పట్టింది మాకు. ఒక సాయంత్రం పాలు పితుకుతూ ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"అత్తయ్యా, ఒక్క నాలుగు రోజులు మాకు కొండమీద పనుందని వాళ్ళతో చెబితే ఏం పోతుంది?"

ఆవిడ దూడ లేని ఆవు మెడ నిమురుతూ నిలబడింది. "అతిథికి పనుందని చెప్పడమంటే ఏంటో తెలుసా? గుమ్మం చూపించడం."

"వాళ్ళు పని చెయ్యడానికేగా వచ్చారు!"

"ఎందుకొచ్చారన్నది వాళ్ళ మంచితనం. ఎలా చూసుకున్నామన్నది మన మంచితనం. వాళ్ళదాంతో మనది కొలుచుకోకు."

"మంచితనం తిని బతుకుతుందా ఈ ఆవు?"

"నోరు పెరిగిందే నీకు. మీ మామ బతికుంటే ఈ మాటకి ఎంత బాధపడేవాడో."

"మామయ్య బతికుంటే ఈపాటికి కొండమీద ఉండేవాడు, కొడవలి పట్టుకుని!"

అనేశాక నాకే భయం వేసింది. ఆవిడ కోప్పడలేదు. ఆవు గంగడోలుకి అంటిన మట్టి గోటితో గీకింది. "అతిథుల ముందు గడ్డి మాట ఎత్తావంటే మాత్రం, నాకు కోడలివి కావు" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడకి ఆవు అక్కర్లేదని కాదు. ఆ ఆవు పుట్టినప్పుడు తన కోటు విప్పి కప్పిందే ఆవిడ. అయినా సరే, అతిథి ముందు లేదు అన్న మాట ఆవిడ నోటికి రాదు. అదే నాకు ఒళ్ళు మండించేది.

మర్నాడు హ్వాంగ్ గారు రీతాని వెంటబెట్టుకుని నేరుగా కొట్టం దగ్గరికి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. మనిషి వచ్చినప్పటికన్నా బొద్దయ్యాడు, మొహం మాత్రం పీక్కుపోయింది. చాలాసేపు ఏదో చెప్పాడు.

"ఏమంటున్నారే?" అన్నాను.

"వాళ్ళ చర్చిలో ముసలమ్మలు కూరగాయలమ్మి కూడబెట్టిన డబ్బుతో వచ్చారంట. ఇక్కడికొచ్చి ఒక ఇటుక కూడా పెట్టలేదంట. తిరిగెళ్ళి వాళ్ళకి ఏం చెప్పాలో తెలీక రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదంట. నీకు ఏ పనున్నా చెప్పమంటున్నారక్కా. పేడ ఎత్తమన్నా ఎత్తుతారంట."

దేవుడు నా గుమ్మంలోకి నడిచొచ్చి అడిగినట్టుంది. గడ్డి అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన తెల్లజుట్టు, వంచిన నడుం చూశాను. నా నోట్లోంచి ఏం వచ్చిందో తెలుసా?

"అయ్యో, మాకేం పనుందండీ! హాయిగా కూర్చోండి, టీ తెస్తాను."

రీతా నన్ను చూసిన చూపు నేను మర్చిపోలేను. హ్వాంగ్ గారు తల వంచి వెళ్ళిపోయాడు. నేను పేడతట్టని కాలితో తన్నాను. అత్తయ్యని అని ఏం లాభం, పదిహేనేళ్ళు ఆ ఇంట్లో ఆవిడ పోసిన టీ తాగి నేనూ అలాగే తయారయ్యాను.

గోడలు లేచాయి, మావాళ్ళే లేపారు. పైకప్పు పడిన రోజు పొద్దున మెదెర్ కొండ దిగి వస్తూనే పడమటి గట్టు వంక చూపించాడు. గట్టు మీద నల్లగా ముసురుతోంది.

"కోసిందంతా ఎండింది. వరసలుగా పడుంది" అన్నాడు. "మధ్యాహ్నం దాటితే ఆ వాన ఆగదు."

"మనిద్దరం ఇప్పుడే వెళ్దాం పద."

"అమ్మ ఇవాళ పెద్ద భోజనం పెట్టిస్తోంది, కప్పు పడిందని. నేను లేకపోతే మాంసం ఎవరు పంచుతారు?"

"నువ్వూ సరిగ్గా మీ అమ్మ కొడుకువే" అన్నాను. అంతకన్నా తిట్టు నాకు దొరకలేదు.

భోజనం అయింది. ఎముకలు పళ్ళేల్లో చల్లారాయి. హ్వాంగ్ గారు చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. అత్తయ్య చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఇద్దరూ నవ్వుకున్నారు. కొరియా పిల్లలు ఖాళీ గిన్నెలు ఒకదాని వెంట ఒకటి నాకు అందిస్తున్నారు. కిటికీలోంచి కొండవాలు కనిపిస్తోంది, దాని మీద నీడ మెల్లగా కిందికి జారుతోంది. మెదెర్ ఆ నీడని చూస్తున్నాడు, నా వంక చూడటం లేదు.

నేను ముందు అనుకుని చేసింది కాదు. టీకెటిల్ కింద పెట్టాను. రెండు అరచేతులూ పైకెత్తాను. పెద్దలున్నచోట కోడలు దీవించడం మా దగ్గర ఎవరూ కనలేదు, వినలేదు.

"ఈ ఇంటికొచ్చినవాళ్ళు, వాళ్ళనిక్కడికి పంపిన ముసలమ్మలు చల్లగా ఉండాలి. కొండమీద ఎండి పడున్న మా గడ్డి వాన తగలకుండా ఇల్లు చేరాలి. మా ఆవు ఈ చలికాలం మా కొట్టంలోనే ఉండాలి. ఓమిన్."

అత్తయ్య నోరు తెరిచి ఉంది. కానీ ఓమిన్ చెవిన పడగానే ఆవిడ చేతులు వాటంతటవే లేచి ముఖాన్ని తాకాయి. అరవై ఏళ్ళ అలవాటు, మనిషి మాట వింటుందా? మెదెర్ రాసుకున్నాడు, పిల్లలు రాసుకున్నారు. దీవెన పడ్డాక కూర్చోకూడదు గనక అత్తయ్య లేచి నిలబడింది. పెద్దావిడ లేచిందని కొరియావాళ్ళందరూ లేచారు. అన్నాళ్ళ తర్వాత మొదటిసారి మా ఇంట్లో భోజనం వెలుగుండగా ముగిసింది.

రీతా అలవాటు ప్రకారం ఆ మాటలన్నీ హ్వాంగ్ గారి చెవిలో చెప్పేసింది. ఆయన చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ ఏదో అడిగాడు.

"గడ్డి ఎక్కడుందని అడుగుతున్నారు" అంది రీతా.

"గడ్డీ లేదు, గాదమూ లేదు. కూర్చోమని చెప్పు" అంది అత్తయ్య.

రీతా ఆవిడ వంకా నా వంకా చూసింది. "కొండమీద. ఇప్పుడే వెళ్ళాలి" అన్నాను నేను.

ఆయన ఇంకో రెండు మాటలన్నాడు. రీతా గొంతు సవరించుకుంది. "పక్కనున్నవాళ్ళు దేవుణ్ణి అడిగింది విని కూడా కూర్చుంటే తాను పాస్టర్‌నని చెప్పుకోకూడదంట. తనని క్షమించమని పెద్దావిడని అడుగుతున్నారు."

ఆయన అత్తయ్య ముందు నేల తాకేంతగా వంగాడు. ఆవిడ గోడవైపు తిరిగింది.

వాళ్ళకి గడ్డి పని రాదు. ఒకడు పళ్ళకర్రని చీపురులా పట్టుకున్నాడు, ఒకమ్మాయి మోపుతో పాటు తానూ దొర్లింది. మెదెర్ నరికిన కొమ్మల మీద మోపులు పేర్చి కడితే బూడిదరంగు గుర్రం వాటిని వాలు వెంట ఈడ్చుకుపోయింది, ఆ వెనకే పసుపు చొక్కాలు చేతులనిండా గడ్డి కావిలించుకుని పరుగెత్తాయి. హ్వాంగ్ గారు ఎవరితోనూ మాట్లాడకుండా వరస వెంట వరస పోగుచేస్తూ వెళ్ళాడు. చూసి చూసి బైషెన్ ఇంట్లోవాళ్ళూ పంగలకర్రలు పట్టుకొచ్చారు. సగానికి కాస్త పైనే దింపాం. అప్పుడు వాన దిగింది. మామూలుగా కాదు, కుండపోత. మిగిలిన వరసలు మా కళ్ళముందే నల్లబడి నేలకి అంటుకుపోయాయి. నేను ఆ వానలో నిలబడి పేరుపేరునా అందరినీ తిట్టాను, వాళ్ళకి అర్థం కాదు గనక ఇంకాస్త తిట్టాను.

తడిసి ముద్దయి ఇంటికొచ్చేసరికి అత్తయ్య పొయ్యి రాజేసి, రొట్టెలు, వెన్న, వేడి చారు సిద్ధం చేసి ఉంచింది. ఆ పూట ఆ పిల్లలు నిజమైన ఆకలితో తిన్నారు. ఒకడు గిన్నె మీద అరచెయ్యి పెట్టి నావంక చూసి నవ్వాడు. ఎప్పుడు చూసి నేర్చుకున్నాడో మరి.

నాలుగు రోజులకి వాళ్ళు వెళ్ళిపోయారు. అత్తయ్య మామగారి తెల్ల ఉన్ని టోపీ హ్వాంగ్ గారి తలమీద పెట్టి పంపింది. బడి మరుగుదొడ్ల గోడమీద వాళ్ళ చర్చి పేరు పలక ఇప్పటికీ ఉంది. గొయ్యి తవ్విందీ గోడ కట్టిందీ మా ఆయన, పేరు వాళ్ళది. మా గడ్డి దింపింది వాళ్ళు, దానికి పలకేమీ లేదు. ఎవరు ఎవరికి సేవ చేశారని పిల్లలు అడిగితే నేను విసుక్కుని పొమ్మంటాను.

అత్తయ్య నాతో మాట మానేసింది. ఎదురుగానే కూర్చుని, "మీ అమ్మతో చెప్పు, చారులో ఉప్పెక్కువైందని" అని పిల్లలతో అనేది. "మీ నాయనమ్మతో చెప్పు, నీళ్ళు పోసుకోమని" అనేదాన్ని నేను. భోజనం అయ్యాక దీవెన తానే ఇచ్చేది, ముక్తసరిగా, నన్ను వదిలేసి తక్కినవాళ్ళ పేర్లన్నీ చెప్పి.

శరదృతువు వచ్చింది. మెదెర్ వామి చుట్టూ తిరిగి చూసి ఇంట్లోకొచ్చాడు. అత్తయ్య ఉన్ని వడుకుతోంది.

"ఒకదానికే వస్తుంది" అన్నాడు.

ఏది పోవాలో వసంతంలోనే తేలిన సంగతి. నేను కొట్టంలోకి వెళ్ళి ఆవు డొక్కకి మొహం ఆనించి ఏడ్చాను. పసుపు చొక్కాల మీద, పరువు మీద, ఆ ముసలిదాని మీద నాకు పట్టలేనంత కోపం వచ్చింది. ఆవుకి మాత్రం ఏమీ పట్టలేదు, నెమరువేస్తూ నిలబడింది.

సంత రోజు తెల్లారేసరికి అత్తయ్య ఇంట్లో లేదు. గుర్రమూ లేదు. చెల్లెలి ఊరు వెళ్ళి ఉంటుందని మెదెర్ అన్నాడు. నేను ఆవుకి నీళ్ళు పెట్టి, సంతకి తోలుకెళ్ళడానికి దాని మెడకి తాడు కట్టి, ఆయన బయల్దేరతాడేమోనని చూస్తూ కూర్చున్నాను. ఆయన బయల్దేరలేదు, అమ్మ రానీ అన్నాడు.

మధ్యాహ్నం దాటాక ఆవిడ బైషెన్ బండిలో వచ్చి గుమ్మం ముందు దిగింది. చేతిలో గుర్రం తలపగ్గం ఉంది. మా దగ్గర గుర్రాన్ని అమ్మినా తలపగ్గం ఇవ్వరు, ఇంటి కలిమి దానితో పోతుందని. దాన్ని గూటానికి తగిలించి, చేతులు కడుక్కుని వచ్చి తన చోట కూర్చుంది. గుర్రాన్ని మాంసానికి అడిగినవాళ్ళకి ఇవ్వలేదనీ, స్వారీకని అడిగిన ఒక కుర్రాడు దొరికేదాకా సంతలో నిలబడే ఉందనీ బైషెన్ మెదెర్‌తో గుమ్మంలో చెబుతుంటే నాకు వినిపించింది.

ఆవుపాలు పోసి టీ కలిపి ఇచ్చాను. తాగింది. రొట్టె తుంచి టీలో ముంచుకుని తింది. చివరికి గిన్నె మీద అరచెయ్యి పెట్టింది. అందరం ఆవిడ దీవెన కోసం ఆగాం. ఆవిడ చేతులు ఎత్తలేదు.

"నువ్వే కానియ్యి" అంది. ఆ వేసవి తర్వాత నాతో నేరుగా అన్న మొదటి మాట అది. "నీకు అలవాటైన పనేగా. నాకు ఇవాళ నోట మాట రావట్లేదే అమ్మాయ్."

నేను అరచేతులు ఎత్తాను. కోపమంతా ఎటు పోయిందో తెలియదు. మా ఆవుకి, మా పిల్లలకి ఏమీ అడగబుద్ధి కాలేదు.

"కొన్న కుర్రాడి ఇంట్లో ఈ చలికాలం గడ్డి నిండుగా ఉండాలి" అన్నాను. "ఓమిన్."

"ఓమిన్" అంది అత్తయ్య. అందరం ముఖాలు తుడుచుకుని లేచాం. ఆవిడ మాత్రం ముఖం మీద పెట్టుకున్న చేతులు తియ్యకుండా అక్కడే కూర్చుండిపోయింది.